ఎండిన బోరు అడిగిన ప్రశ్నలు

మా చేను కింద భూమి జల్లెడ అయిపోయిందని చెప్తే నా జతగాడు మారెప్ప నమ్మడు. నమ్మకపోతే పోనీ. బోరు మీద బోరు వేయించినా, ఒక్కదాంట్లోనూ చెంబెడు నీళ్ళు పడలేదు. అన్నీ లోపల్లోపలే ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయినాయి. ఒకసారి నేను కానుగచెట్టుకు ఎదురుగా ఉండే బోరు కాడ నిలబడి గట్టిగా తుమ్మితే, ఊరికి ఆ పక్క చెన్నప్ప చేలో ఎండిన బోరు దుమ్ము కక్కింది. చెన్నప్ప పరుగెత్తుకొని వచ్చి, "ఏమన్నా ఖలందరన్నా, జలుబు చేసిందా?" అని అడిగినాడు. దుమ్ము సంగతి కొంచెం అటూ ఇటూ ఉంటే ఉండొచ్చు గానీ, తుమ్మింది మాత్రం నిజం.

ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ లెక్కలోనే వేసుకుంటామంటే వేసుకోండి. బెళుగుప్ప చుట్టుపక్కల నా మాటకు ఉండే విలువ నాకు తెలీంది కాదు. పిల్లోళ్ళు కూడా "దాదా ఖలందర్ చెప్పినాడా, అయితే సగం తీసెయ్" అంటారు. దీంట్లో మాత్రం తీసేయడానికి ఏమీ లేదు. పెంచి చెప్పాలంటే ధైర్యం ఉండల్ల. ఆ బోరు కాడ నాకు అది లేకుండా పోయింది.

షాహిదా నా మనవరాలు. నా కొడుకు అస్లాం అనంతపురంలో ఆటో తోలుతాడు. బిడ్డ మాత్రం చిన్నప్పటినుంచి మా కాడే పెరిగింది. మొన్న మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసింది. అన్నిట్లో గట్టెక్కి, సోషల్లో తప్పింది. ఎందుకు తప్పిందో నాకు తెలుసు, మా ఇంటామె రోషన్ బీకి తెలుసు, బడిలో సారుకూ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

ఊర్లో అంగడి పెట్టుకున్న రామాంజనేయులు శెట్టి కూతురు సుష్మిత, మా షాహిదా ఒకటే తరగతి. ఒకటే బెంచీ, ఒకటే గొడుగు, తిట్లు తినేది కూడా ఇద్దరూ కలిసే. ఆ సోషల్ పుస్తకాలు చూసి ఇద్దరికీ గుండె జారింది. అప్పుడు పంచుకున్నారు. చరిత్ర, పౌరశాస్త్రం సుష్మితకు. భూగోళం, అర్థశాస్త్రం షాహిదాకు. ఎవరి సగం వాళ్ళు బాగా నేర్చుకొని, చలికాలం అయినాక ఒకరికొకరు చెప్పుకోవల్లని ఒప్పందం. శెనక్కాయలు ఒలిచేటప్పుడు గంపలు పంచుకుంటాం గదా, అట్ల. చదువును కూడా అట్ల పంచుకోవచ్చని మా ఊరి పిల్లలకే తోచాల.

చలికాలం పోకముందే సుష్మితకు జ్వరం వచ్చింది. వారం తిరగకుండానే పోయింది. తన సగం తనతోనే తీసుకొని పోయింది.

ఆ తర్వాత మా పాప చరిత్ర పుస్తకం తెరిచిందే లేదు. తెరిస్తే పక్కన ఎవరో ఊపిరి పీల్చినట్ల వినబడతాదని వాళ్ళ జేజికి, అదే రోషన్ బీకి చెప్పిందంట. పరీక్షలో సగం కాగితం రాసి, మిగతా సగం తెల్లగా ఇచ్చి వచ్చింది.

ఫలితాలు వచ్చిన దినం అస్లాం ఫోన్ చేసినాడు. "నాయనా, సప్లిమెంటరీ రాయమను. ఈ తూరి గూడా తప్పిందంటే నేను బతిమాలేది లేదు. రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టేకాడ చేర్పిస్తా. అది చదువుతాను చదువుతాను అంటాంటే, ఆ తెల్ల కాగితాలు ఎవరు చూస్తారు?" అన్నాడు. పాప పక్కనే కూర్చొని మొత్తం విన్నాది. విని, లేచి పోయి మేకలకు ఆకు వేసింది.

అప్పటినుంచి చదువు మొదలు పెట్టింది చూడండి! మాకు మాట్లాడుకునే దారి లేదు. పొద్దున లేస్తూనే గోడకు వీపు ఆనించి, కండ్లు మూసుకొని, మొదటి పాఠం మొదటి లైను నుంచి గొంతు చించుకొని అరిచేది. అదీ తన సగమే, భూగోళం. వచ్చిందే మళ్ళీ మళ్ళీ.

"మే షాయీ, మన నల్లమేక కూడా ఒండ్రు నేలలు చెప్తాంది. నువ్వు ఇంక పక్క పాఠానికి పో" అన్నా ఒకరోజు.

"నగబాకు తాతా. మర్చిపోతా."

"అయితే నేను ఒకటి అడుగుతా. నల్లరేగడి నేలలో ఏం పండుతాది?"

పాప కండ్లు మూసుకొని పెదాలు కదిలిస్తాంది. ఎంతసేపటికీ పలకదు. ఏమప్పా అంటే, మొదటి లైను నుంచి చదువుకుంటా రావల్ల, అప్పుడే నల్లరేగడి దగ్గరికి చేరేది. మా ఊరికి వచ్చే బస్సు మాదిరి. ప్రతి స్టాపులో నిలబడాల్సిందే, నడుమ ఎక్కేదానికి లేదు, దిగేదానికి లేదు.

"పత్తి" అనింది చివరికి, నుదుటికి చెమట పట్టి.

"పరీక్షలో కూడా ఇట్ల మొదటినుంచి వస్తే, నువ్వు పత్తి కాడికి వచ్చేసరికి కాగితాలు లాక్కుంటారు గదమ్మా" అన్నా. నగల్యా. నేను వేసే జోకులకు నగకుండా ఉండేది మా ఇంట్లో రోషన్ బీ ఒక్కతే అనుకున్నా అంతవరకు.

ఇంక బోరు సంగతి. మా సీమలో బోరు ఎండిపోయినా దాన్ని ఎవరూ మనసులోంచి వదలరు. పిల్లోళ్ళు పడకుండా పైపు మూతికి బండ పెడతాం. అయినా ఎండాకాలంలో అడపాదడపా పోయి, బండ జరిపి, గులకరాయి వేసి చెవి పెడతాం. రాయి రాయికి తగిలినట్ల వినబడితే బండ మూసి ఇంటికి. నీళ్ళ చప్పుడు వస్తే... వస్తే ఏం చేయాలో నాకు తెలీదు, నాకు ఎప్పుడూ రాలేదు. ఇది మిట్టమధ్యాహ్నం చేయల్ల. మిగతా పొద్దంతా కొండ మీద గాలిమరల రొద. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు మాత్రం గాలి నిలబడిపోతాది, ఆ పెద్ద రెక్కలు ఆగిపోతాయి. అప్పుడు చీమ నడిచినా వినబడతాది.

ఆ పొద్దు నేను కానుగచెట్టు కింద మంచం మీద పడుకొని ఉంటి. పాపను ఎదురుగా ఉండే బోరు కాడికి పోయి రాయి వేసి రమ్మన్నా. ఇంట్లో కూర్చొని గోడకు చదివేదానికంటే నయం గదా అని. చేతిలో భూగోళం పుస్తకం పట్టుకొనే పోయింది. బండ జరిపింది. రాయి వేసింది. వంగి చెవి పెట్టింది.

రాయి కింద పడిన చప్పుడు రాలేదు.

నేను మంచం మీదనుంచి తల ఎత్తినా. మామూలుగా ఆ చప్పుడు నాకు చెట్టు కిందికి కూడా వినబడతాది. ఈ తూరి ఏమీ లేదు. ఎవరో కింద చెయ్యి చాచి పట్టుకున్నట్ల.

తర్వాత పైపులోంచి ఒక గొంతు వచ్చింది. చిన్నపిల్ల గొంతు. దూరంగా, పొడిగా, శెనగ పొట్టు మీద ఎవరో నడుస్తాన్నట్ల.

"బుక్కు మూసెయ్, షాయీ."

నా మనవరాలిని షాయీ అని పిలిచేది నేను, ఇంకొకరు. నేనైతే మంచం మీద ఉండా.

పాప చేతిలో పుస్తకం దానంతట అదే మూసుకుంది. గొంతు మళ్ళీ వచ్చింది. "ఉప్పు మీద పన్నుకు అంత దూరం ఎందుకు నడిచినారు?"

పాప వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పరుగు తీసింది. బండ మూసేది నా పాలికి వచ్చింది. ఎట్ల మూసినానో నాకు తెలీదు. ఆ దినం రోషన్ బీ పెట్టిన సంగటి ముద్ద చేతిలోనే ఆరిపోయింది. "ఏమైంది నీకు, నోరు పడిపోయిందా?" అని అడిగింది. పెండ్లయిన కాన్నుంచి ఆమె కోరుకునింది అదే, అయినా భయపడింది పాపం.

మర్నాడు పొద్దున లేచి చూస్తే, పాప చరిత్ర పుస్తకం తెరుచుకొని కూర్చోనుండాది. ముఖం పాలిపోయి ఉండాది గానీ చదువుతాంది. అరవకుండా చదువుతాంది.

"పోతావా ఈ పొద్దు కూడా?" అని అడిగినా.

"అడిగింది గదా తాతా. చెప్పకపోతే ఎట్ల?" అనింది.

పోయింది. పైపు కాడ మోకాళ్ళ మీద కూర్చొని, పుస్తకంలో లైన్లు ఉన్నవి ఉన్నట్ల గడగడా అప్పజెప్పింది. పైపు విన్నాది. అంతా అయినాక, "ఎందుకు?" అనింది. పాప మళ్ళీ అప్పజెప్పింది. మళ్ళీ "ఎందుకు?" అదే గొంతు, అదే తీరు. మూడో తూరి అడిగేసరికి పాపకు ఏడుపు వచ్చింది. పుస్తకంలో ఇంకేం లేదు చెప్పడానికి.

ఏడుస్తా ఏడుస్తా చెప్పేసింది. "ఉప్పు అందరూ తింటారే! ఉండేటోళ్ళు తింటారు, లేనోళ్ళు తింటారు. మా జేజి సంగట్లో వేస్తాది, మీ అమ్మ అంగట్లో అమ్ముతాది. దాని మీద పన్ను వేస్తే ప్రతి ఇంటికీ తగులుతాది. అందుకే దాన్నే పట్టుకున్నారు, అందరూ నడుస్తారని."

పైపు ఆ దినానికి ఇంకేమీ అడగల్యా.

ఇట్ల దినమూ జరగబట్టింది. సుష్మిత బతికుండేటప్పుడు కూడా అంతేనంట, ప్రశ్నలు అడిగేది తప్ప జవాబు చెప్పేది కాదంట. పైగా వరసగా అడగదు. ఒకరోజు చరిత్ర, నడుమ పౌరశాస్త్రం, మళ్ళీ మొదటి పాఠం. ఈ పొద్దు చెప్పిందాన్ని రేపు అడగదు. పాప దాన్ని మర్చిపోయే వేళ చూసి, కొన్ని దినాలు విడిచి, టక్కున అడుగుతాది. అప్పుడు తడుముకుంటే కొన్ని దినాలు పోయినాక మళ్ళీ వస్తాది. తడుముకోకుండా చెప్తే మాత్రం ఆ ప్రశ్న ఇంక రాదు.

దాంతో మా పాప చదివే తీరు మొత్తం మారిపోయింది. ఒకచోట కూర్చొనేది మానేసింది. పొద్దున వాకిట్లో కట్టె పుల్లతో దుమ్ములో దేశాలు గీస్తాంది. కోళ్ళు వచ్చి సరిహద్దులు చెరిపితే మళ్ళీ గీస్తాంది. కాసేపు చరిత్ర చదివి, పుస్తకం మూసి, మేకల కాడికి పోయి తెలిసినంత చెప్పుకొని, తెలీంది ఏదో చూసుకొనేదానికి మళ్ళీ వస్తాంది. బొగ్గు తీసుకొని బండల మీద ప్రశ్నలు రాస్తాంది, జవాబులు మాత్రం రాయదు. సాయంత్రం రోషన్ బీ రొట్టెలు తడతాంటే, పక్కన కూర్చొని బెల్జియం దేశం కథ చెప్తాంది. ఒక దేశంలో రెండు మూడు భాషలోళ్ళు అధికారం ఎట్ల పంచుకున్నారని. రోషన్ బీ వింటా వింటా, "మన పంచాయితీలో నేర్పిస్తే బాగుండు" అనేది. ఆమె అర్థం కాలేదన్న చోట పాప ఆగిపోయి, పుస్తకం కాడికి పరుగెత్తేది. తనకే అర్థం కాలేదని అప్పుడు తెలిసేదంట.

చదువు బాగా పోతాంది. నాకు మాత్రం నిద్ర పట్టేది లేదు. చదివేది మనవరాలు. చదివించేది ఎవరు?

ఊర్లో పొక్కింది. మారెప్ప నవ్వుకుంటా వచ్చినాడు. మారెప్ప నాకు చిన్నప్పటి జతగాడు, నేను చెప్పేవన్నీ అబద్ధాలని ఊరంతా చాటేది వాడే.

"ఏమప్పా ఖలందరూ, చెన్నప్ప చేలో బోరు కాడ ఎవరినో కూర్చోబెట్టి పలికిస్తాండావంట? జల్లెడ కథకు రెండో భాగమా?"

"పోయి చెవి పెట్టు రా. నీ తలకాయలో ఎట్లా ఖాళీ ఉండాది, శబ్దం బాగా పలుకుతాది."

పోయినాడు. పాప పక్కన నిలబడుండాది. బండ జరిపి, నాకు కన్ను కొట్టి, పైపు మీదికి వంగినాడు. లోపలినుంచి గొంతు వచ్చింది. "బుక్కు మూసెయ్. సమాఖ్య అంటే ఏమి?"

మారెప్ప లేచిన లేవడం చెప్తే మీరు నమ్మరు. ఒక చెప్పు బోరు కాడ, ఒకటి గట్టు మీద. మనిషి మాత్రం ఊర్లో. ఆ తర్వాత నా మాటల్లో సగం తీసేయమని ఎవరికీ చెప్పల్యా. నన్ను చూస్తే పక్క దారి పట్టేది మొదలు పెట్టినాడు. గెలిచినట్టే గదా, నాకు సంతోషం కావల్ల. కాలేదు.

మారెప్ప నోటినుంచి అది అంగడి దాకా పోయింది. ఒక మధ్యాహ్నం పద్మావతమ్మ వచ్చింది. సుష్మిత తల్లి. కూతురు పోయినాక ఆ యమ్మ అంగట్లో కూర్చొనేది మానేసింది. అన్ని దినాలకు బయట చూడడం అదే. ఎండలో తల మీద కొంగు కూడా లేకుండా నడిచి వచ్చింది.

"ఖలందర్ మామా, నిజమేనా?" అనింది.

నేను ఏం చెప్పేది? నా నోటితో నిజం అంటే అబద్ధమనుకుంటుందేమో. పాప వైపు చూసినా. పాప తల వంచుకుంది.

పద్మావతమ్మ పైపును రెండు చేతులా పట్టుకొని కూర్చునింది. "సుష్మీ. నేను మే, అమ్మను. మాట్లాడు మే." ఏమీ లేదు. "జ్వరం తగ్గిందా మే? ఆడ చల్లగా ఉండాదా?" ఏమీ లేదు. ఎంత పిలిచినా లేదు. కడాకు ఆ యమ్మ నుదురు పైపుకు ఆనించి గమ్మునైపోయింది. పాప పోయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడు పలికింది. "బుక్కు మూసెయ్, షాయీ. రాజకీయ పార్టీలు లేకపోతే ఏమైతాది?"

కన్నతల్లి అక్కడే ఉంటే, పాఠం అడిగింది. పద్మావతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాప జవాబు చెప్పింది. గొంతు ఆగిపోయింది.

"అంతేనా? ఇంకా అడగదా?" అనింది పద్మావతమ్మ.

"సరిగ్గా చెప్తే ఆగిపోతాదత్తా. తను నేర్చుకునిందంతా నాకు వచ్చేదాక అడుగుతాది."

"ఇంకా ఎన్ని ఉండాయి?"

పాప చెప్పలేకపోయింది. నేను చెట్టు కింద కూర్చొని గమనిస్తాండేవాణ్ణి గాబట్టి నాకు తెలుసు. అడిగినవే అడగడం తగ్గిపోయింది. కొత్తవి అయిపోయినాయి. కొంచెమే మిగిలింది.

పద్మావతమ్మకూ అర్థమైంది. పాప రెండు చేతులూ పట్టుకుంది. "అట్లయితే చెప్పొద్దు పాపా. నీకు దండం పెడతా. తెలిసినా చెప్పొద్దు. అది అడగనీ. నన్ను అడగకపోయినా పర్వాల్యా. ఆ గొంతు వినబడితే చాలు."

పరీక్ష దగ్గరికి వస్తాంది. నేను నడుమ దూరి ఏదో ఒకటి అనల్ల. ఆ యమ్మ ముఖం చూసినాక లేచి పోయి మంచం నీడలోకి జరుపుకున్నా.

ఆ మర్నాటినుంచి మా పాప తప్పులు చెప్పబట్టింది.

ఒకటే ప్రశ్న వస్తాంది. "సహాయ నిరాకరణ ఉద్యమాన్ని నడిమధ్యలో ఎందుకు ఆపేసినారు?" పాప ఏదో ఒకటి అంటాది. వానలు రాలేదని అంటాది. దుడ్లు చాలలేదని అంటాది. గొంతు మర్నాడు మళ్ళీ అదే అడుగుతాది. పద్మావతమ్మ దినమూ వచ్చి పైపు పక్కన కూర్చొని, ఆ ఒక్క ప్రశ్న విని, కండ్లు తుడుచుకొని ఇంటికి పోతాది. పాప ఇంటికి వచ్చి ఇంక ఏ పుస్తకమూ పట్టుకోదు. దుమ్ములో దేశాలు గీసేది లేదు, జేజికి కథ చెప్పేది లేదు. నేర్చుకున్నవి కూడా జారిపోతాండాయి. ఒకరోజు ఉప్పు సంగతి రోషన్ బీ అడిగితే తెల్లముఖం వేసింది.

నేను అడిగేసినా. "ఏమ్మే, నీకు ఆ జవాబు తెలుసు. బండల కాడ మేకలకు చెప్తాంటే నేను విన్నా."

"నువ్వు ఐదు దాకా చదివినావు, నీకేం తెలుసు తాతా?"

"నాకు తెలీదు. మేకకు తెలుసు. అడుగుదామా?"

అప్పుడు కూడా నగల్యా. "చెప్తే పోతాది తాతా" అనింది.

"చెప్పకపోతే నువ్వు పోతావు. మీ నాయన ఆటో వేసుకొని వస్తాడు, రాయదుర్గం తీసుకొని పోతాడు."

"పోతే పోతా. నేను దాని సగం తెరవకుండా పరీక్షకు పోయినా గదా. అది అట్లనే పడుండింది ఆడ, ఎవరూ అడగకుండా. ఇప్పుడు పనయిపోయిందని పొమ్మనేదా?"

నా కథల్లో దయ్యాలు వస్తాయి, భయపెడతాయి, పోతాయి. పొమ్మనేదానికి ఏడ్చే కథ నేను ఎప్పుడూ చెప్పలేదు.

అయితే గొంతు మారబట్టింది. మొదట నాకే అనిపించిందేమో అనుకున్నా. దినం దినం పొడిబారిపోతాంది. ప్రశ్న నడుమ దగ్గు వస్తాంది. గరగరమని, బోరు వేసేటప్పుడు అడుగున రాయి తగిలితే వచ్చే చప్పుడు. "సహాయ..." అని ఆగి, దగ్గి, "నిరాకరణ..." అని ఆగి. అడగలేక అడుగుతాంది. అడగకుండా ఉండలేదు.

పద్మావతమ్మ ఆ దగ్గు విని లేచి నిలబడింది. జ్వరంలో ఉన్నప్పుడు అట్లనే దగ్గేదంట. ఆ యమ్మ మా మంచం కింద పెట్టుకున్న బిందె ఎత్తుకొని వచ్చింది. రోషన్ బీ ట్యాంకరు కాడ కొట్లాడి తెచ్చిన నీళ్ళు అవి. వంచి పైపులో పోసింది. బిందె మొత్తం. ఎండిపోయిన బోరుకు నీళ్ళు పోసిన మనిషిని నేను అదే చూడడం. మేము ముగ్గురమూ చెవులు పెట్టినాము. నీళ్ళు ఎక్కడా తగల్యా. పడిన చప్పుడు లేదు, తడిసిన చప్పుడు లేదు. భూమి అట్లనే మింగేసింది.

కింద మళ్ళీ దగ్గు. "నడి... మధ్యలో... ఎందుకు..."

పద్మావతమ్మ చేతిలోంచి బిందె జారి దొర్లుకుంటా పోయింది. "దానికి దాహమైతాంది. నేను నీళ్ళియ్యలేను" అనింది. ఎవరితో అనిందో తెలీదు. కూర్చొని, పాప గడ్డం పట్టుకొని ముఖం తన వైపు తిప్పుకుంది. "చెప్పెయ్ పాపా. సరిగ్గా చెప్పు. దాన్ని ఇంక అడిగించొద్దు."

"అత్తా..."

"నేను చెప్తాండా గదా. చెప్పు."

పాప పైపు మీదికి వంగింది. పుస్తకం ఎక్కడుందో కూడా చూసుకోల్యా.

"చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్‌కు నిప్పు పెట్టినారు సుష్మీ. లోపలుండేటోళ్ళు కాలిపోయినారు. ఆ ఉద్యమం నడిపేదే హింస లేకుండా నడవల్లని. జనానికి కోపం ఉండాది, దాన్ని పట్టుకొని నడిచేది ఇంకా రాలేదు అనుకున్నారు. అట్లనే పోతే ఇంకా చానామంది చస్తారు. అందుకే ఆపినారు. చానామందికి అది నచ్చలేదు. జైళ్ళలో ఉండేటోళ్ళు బాధపడినారు, ఇంత దూరం వచ్చి ఇట్ల ఆపేస్తారా అని. అయినా అయిపోలేదు. కొన్నేండ్లకు మళ్ళీ లేచినారు." గుక్క తిప్పుకొని, "ఆపినంత మాత్రాన అయిపోయినట్ల కాదు మే" అనింది.

కిందినుంచి ప్రశ్న రాలేదు. దగ్గు రాలేదు. "ఊఁ" అని వచ్చింది. కథ వినేటోళ్ళు కొట్టే ఊఁ. అన్ని దినాల్లో ప్రశ్న కాకుండా వచ్చింది అదొక్కటే.

పాప నా వైపు చూసింది, తర్వాత పద్మావతమ్మ వైపు చూసింది. పిల్లకు అప్పుడు తోచినట్టుంది, ఇంకో సగం ఉండాదని. తను చెప్తానని ఒప్పుకునింది, చెప్పనిది. పైపు పక్కన బాసింపట్టు వేసి కూర్చునింది.

"సరే, నాది విను. నీటి వనరులు."

మీరు నగొద్దు. చుక్క నీరు లేని బోరుకు, భూగర్భ జలాలు ఎట్ల తగ్గిపోతాయో చెప్పింది మా పాప. చెరువుల గురించి చెప్పింది, అడవుల గురించి చెప్పింది, నేలల గురించి చెప్పింది. మొదటి లైను నుంచి కాదు. ఎక్కడ గుర్తొస్తే ఆడ మొదలు పెట్టి, ఎండిపోయిన మా చేనును చూపించి, శెట్టి అంగట్లో సరుకులు చూపించి, మారెప్ప అప్పులు చూపించి. ప్రతి దానికీ కిందినుంచి ఊఁ వస్తాంది. మొదట బండ కింద ఉన్నంత దగ్గరగా. తర్వాత కొంచెం కిందికి. ఇంకొంచెం కిందికి. పద్మావతమ్మ పొట్ట మీద పండుకొని, చెవి పైపుకు ఆనించి, ఆ ఊఁ వెంబడి పోతాంది. కడాకు నాకు వినబడ్డం ఆగిపోయింది. పాపకు కూడా ఆగిపోయింది. పద్మావతమ్మ మాత్రం చెయ్యెత్తి, చెప్తానే ఉండు అన్నట్ల సైగ చేసింది. ఆ యమ్మకు ఇంకా వినబడతాందో ఏమో. పాప గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది.

గాలి లేచింది. కొండ మీద మరల రెక్కలు తిరగబట్టినాయి. నేనే పోయి బండ మూసినా.

పరీక్ష బెళుగుప్పలో. పాసయింది, అది ముందే చెప్పేస్తా, మీరు ఊపిరి బిగబట్టుకోవాల్సిన పని లేదు. అస్లాం ఇప్పుడు అనంతపురంలో కాలేజీ ఫీజుల గురించి గొణుగుతాండాడు. నేను చెప్పల్లనుకునింది ఆ పరీక్ష దినం సంగతి.

గేటు బయట ఎండలో పిల్లల కోసం నిలబడినోళ్ళు చానామంది ఉండారు. నేను గోడ నీడలో కూర్చొని ఉంటి. పాప బయటికి వచ్చింది, ముఖం ఏదో మాదిరిగా ఉండాది.

"ఏమే, కాగితం తెల్లగా ఇచ్చినావా?"

"లేదు తాతా. నింపినా." నా పక్కన కూర్చునింది. "ప్రశ్నాపత్రం ఇచ్చినాక కొంచెంసేపు అట్లనే కూర్చున్నా. ఎవరో అడుగుతారని. ఎవరూ అడగల్యా. కాగితం మీద రాసుండాది అంతే. అప్పుడు నాకు నేనే లోపల అడుక్కున్నా. నా గొంతే వినబడింది తాతా. భయమేసింది."

నేను ఏదో ఒక జోకు వేయల్లని నోరు తెరిచినా. ఎదురుగా, గేటు కాడ నిలబడినోళ్ళ నడుమ, పద్మావతమ్మ. పరీక్ష రాసే పిల్ల ఆ యమ్మకు లోపల ఎవరూ లేరు. అయినా మిగతా తల్లుల మాదిరే, చేతిలో మజ్జిగ సీసా పట్టుకొని నిలబడుండాది. పాపను చూసి దగ్గరికి వచ్చింది. సీసా మూత తీసి ఇచ్చింది. పాప గడగడా తాగింది.

"ఏమేమి అడిగినారు పాపా?" అనింది.

పరీక్ష రాసి బయటికి వచ్చిన బిడ్డను ప్రతి తల్లీ అడిగే మాటే అది. పాప ఒకసారి నన్ను చూసి, ప్రశ్నాపత్రం మడత విప్పింది.

"మొదటి ప్రశ్న చిన్నది అత్తా, నేలల గురించి..."

"మెల్లగా చెప్పు" అనింది పద్మావతమ్మ, గోడ నీడలో నా పక్కనే కూలబడి. "బస్సుకు ఇంకా టైముండాది. ఒకటి కూడా విడిచిపెట్టొద్దు. నువ్వు ఏం రాసినావో కూడా చెప్పు."